ఎలుగుబంటి వేట పర్మిట్లకు లాటరీ న్యాయమైన పద్ధతేనా?

ఫ్లోరిడాలో 172 ఎలుగుబంటి పర్మిట్లకు లాటరీ పెడితే లక్షన్నరకు పైగా దరఖాస్తులు వచ్చాయట, ఒక్కో మనిషి ఎన్నిసార్లైనా అప్లై చేసుకోవచ్చట, దీన్ని న్యాయం అంటారా, ఇంతకంటే మంచి పద్ధతి ఇంకెక్కడైనా ఉందా అని అడిగారు. నేను ఉండేది విస్కాన్సిన్‌లో. ఇక్కడ ఎలుగు ట్యాగ్ (ఒక ఎలుగును వేటాడే పర్మిట్) కోసం ఎనిమిదేళ్లు ఎదురుచూసి, చివరికి 2022లో అందుకున్నాను. వేట అంటేనే గిట్టనివాళ్లు మనలో చాలామంది ఉంటారని తెలుసు. వాళ్లతో ఇక్కడ వాదన పెట్టుకోను. వేట ఉండాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. ఉన్న కొద్ది పర్మిట్లు ఎవరికి దక్కాలన్నది మీరు అడిగింది.

నా మాట ముందే చెప్పేస్తాను. లాటరీలో తప్పులేదు. కానీ మనిషికి ఒకే చీటీ అన్న నియమం లేకపోతే దాన్ని లాటరీ అనకూడదు, వేలంపాట అనాలి.

ఫ్లోరిడా సంగతి కొంచెం వెనక నుంచి చూడాలి. 2015లో అక్కడ పర్మిట్లకు పరిమితే పెట్టలేదు. డబ్బు కట్టిన ప్రతివాడికీ ఇచ్చారు. 3,700 మందికి పైగా కొన్నారు. వారం సాగుతుందనుకున్న వేటను రెండు రోజుల్లోనే ఆపేయాల్సి వచ్చింది, ఎందుకంటే అప్పటికే 304 ఎలుగులు చనిపోయాయి. ఆ తర్వాత పదేళ్లు వేట జరగలేదు. 2025 ఆగస్టులో మళ్లీ అనుమతిస్తూ, పాత తప్పు జరగకుండా పర్మిట్లను 172కి కుదించి లాటరీ పెట్టారు. పర్మిట్‌కి ఒకటే ఎలుగు. ఇక్కడిదాకా మంచి ఆలోచనే.

చెడింది ఎక్కడంటే, దరఖాస్తుకు 5 డాలర్లు, తిరిగి రావు, ఎన్నైనా పెట్టుకోవచ్చు అన్నారు. జోన్ల (వేట ప్రాంతాల) తేడా పక్కనపెట్టి లెక్క వేయండి. లక్షా అరవై వేల చీటీలు, 172 పర్మిట్లు. అంటే సుమారు 930 చీటీలకు ఒకటి తగులుతుంది. ఒక్క చీటీ వేసినవాడికి ఆశ పెట్టుకునే పనే లేదు. పర్మిట్ వచ్చే అవకాశం సగానికి సగం ఉండాలంటే దాదాపు 645 చీటీలు కొనాలి, అంటే 3,200 డాలర్లు పైనే. ట్రాక్టర్ మెకానిక్‌గా పనిచేసేవాడు ఆ డబ్బు పెడతాడా? వేటను వ్యతిరేకించేవాళ్లు కూడా ఇదే దారి పట్టారు. పర్మిట్లు గెలుచుకుని వాడకుండా పక్కన పెట్టేద్దామని సియెర్రా క్లబ్ లాంటి పర్యావరణ సంస్థలు తమవాళ్లను దరఖాస్తు చేయమన్నాయి. నేను వాళ్లని తప్పుపట్టను. అడవి అందరిదీ అయినప్పుడు ఎలుగును కాపాడాలనుకునేవాడికీ చీటీ వేసే హక్కుంది. కాకపోతే అతనికీ ఒకే చీటీ ఉండాలి. రెండు వైపులా కట్టలు కట్టలుగా కొన్నాక, ఎవరి మాటకు ఎంతమంది మద్దతుందో తేలదు. ఎవరి జేబు లోతో మాత్రమే తేలుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది కొత్త కథ కాదు. 2023 మార్చిలో జరిగిన హెచ్‌1బీ ఉద్యోగ వీసా లాటరీ గుర్తుందా? 7.8 లక్షల రిజిస్ట్రేషన్లు వస్తే, వాటిలో నాలుగు లక్షలకు పైగా ఒకే మనిషికి రెండు మూడు కంపెనీలు వేసినవే. మా పిన్నిగారబ్బాయి ఆ ఏడాది ఒకే కంపెనీ ద్వారా, ఒకే రిజిస్ట్రేషన్‌తో వేశాడు. రాలేదు. వాడి గదిలో ఉండే అబ్బాయికి మూడు పడ్డాయి, వాటిలో ఒకటి తగిలింది. ఆ రోజు రాత్రి మావాడు ఫోన్లో "అన్నయ్యా, నేను నిజాయితీగా ఉండటమే తప్పా?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. మరుసటి ఏడాది నియమం మార్చారు. ఎన్ని కంపెనీలు వేసినా పాస్‌పోర్టును బట్టి మనిషిని ఒక్కసారే డ్రాలోకి తీసుకుంటామన్నారు. రిజిస్ట్రేషన్లు 4.7 లక్షలకు పడిపోయాయి. ఆ ఒక్క మార్పు ఎంత పనిచేసిందో చూశాం కాబట్టే, ఎలుగు పర్మిట్ల విషయంలోనూ నేను దానిమీదే పట్టుబడతాను.

ఇక మా విస్కాన్సిన్ పద్ధతి. ఇది చాలావరకు లాటరీ కాదు, వరస. ఏటా డిసెంబరు 10 లోపు 3 డాలర్లు కట్టి, ఒక జోన్ ఎంచుకుని అప్లై చేయాలి. ట్యాగ్ రాకపోతే ఒక పాయింట్ జమవుతుంది. తర్వాతి ఏడాది ఆ జోన్‌లో ఎక్కువ పాయింట్లున్నవాళ్లకి ముందు ఇస్తారు. సమానంగా ఉన్నవాళ్ల మధ్యే చీటీ తీస్తారు. గ్రీన్ కార్డు వరసలో మన స్థానం చెప్పే ప్రయారిటీ డేట్ లాంటిదే అనుకోండి. ఏటా లక్ష మందికి పైగా అప్లై చేస్తారు. వాళ్లలో చాలామంది ఆ ఏడాదికి ట్యాగ్ అడగరు, పాయింట్ మాత్రమే జమ చేసుకుంటారు. ఉత్తరాది జోన్లలో ఏళ్లకేళ్లు పడుతుంది, దక్షిణం వైపు త్వరగా వస్తుంది. నేను 2013 డిసెంబరులో మొదలుపెట్టాను, ఉత్తరాది జోన్‌కే.

ట్యాగ్ వచ్చిన ఏడాది సంగతి కాస్త చెప్పాలి. ఎందుకంటే న్యాయం అన్నది డ్రాతోనే అయిపోదని నాకు అప్పుడే తెలిసింది. ఇక్కడ ఎర పెట్టి వేటాడటం చట్టసమ్మతం. నేనుండే మాడిసన్ నుంచి షవామిగన్-నికొలే అడవిలో ఎర పెట్టిన చోటికి నాలుగు గంటల ప్రయాణం. బోలుగా ఉన్న ఓక్ దుంగలో పాప్‌కార్న్, పాత డోనట్లు పోసి, జింకలు తినకుండా పైన బరువైన కట్టెదుంగలు పేర్చాలి. మొత్తం పది గ్యాలన్లు దాటకూడదు. మాంసం, ఎముకలు, తేనె పెట్టకూడదు. (తేనె పెట్టకూడదంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.) వారానికి రెండుసార్లు వెళ్లి చూసుకోవాలి. నేను శని, ఆదివారాలు మాత్రమే వెళ్లగలిగేవాణ్ణి. వెళ్లేసరికి, నేను రెండు చేతులతో ఎత్తలేక దొర్లించిన దుంగలు ఆరేడు అడుగుల దూరంలో పడి ఉండేవి, మీద గోళ్ల గాట్లతో. పక్కనే ఇల్లున్నవాళ్లు సాయంత్రం పని అయ్యాక నడిచి వెళ్లి చూసుకొస్తారు. ట్యాగ్ ఇద్దరికీ ఒకటే, దాన్ని వాడుకునే అవకాశం మాత్రం ఒకటి కాదు.

మంచె మీద కూర్చున్న ఆరో సాయంత్రం, వెలుతురు తగ్గుతుండగా కొమ్మ విరిగిన చప్పుడు అయింది. ఒక పెద్ద ఎలుగు వచ్చి దుంగను ఒక్క పంజాతో పక్కకి నెట్టింది. నా గుండె చప్పుడు దానికి వినిపిస్తుందేమో అనిపించింది. తర్వాత వెనక నుంచి రెండు పిల్లలు దొర్లుకుంటూ వచ్చాయి. పిల్లలున్న తల్లిని కాల్చకూడదు, చట్టం కూడా ఒప్పుకోదు. ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టి చూశాను. తల్లి తలెత్తి నా చెట్టు వైపు చూసి, పిల్లల్ని ముందు నడిపించుకుంటూ వెళ్లిపోయింది. ఆ సీజన్‌లో నాకు ఇంకే ఎలుగూ కనిపించలేదు. ట్యాగ్ చేతికొస్తే ఎలుగు దొరికినా దొరక్కపోయినా పాయింట్లు సున్నా అవుతాయి. నా ఎనిమిదేళ్లూ అక్కడితో సరి. దానికి నాకు ఏ బాధా లేదు. నాకు నా వంతు వచ్చింది.

వరస పద్ధతిలో నాకు నచ్చేది ఈ భరోసాయే. దీన్ని లెక్కతో చూద్దాం. ఏటా పది మందిలో ఒకరికి వచ్చే శుద్ధమైన లాటరీ అయితే, పదేళ్లు వరసగా వేసినా వంద మందిలో 35 మందికి ఒక్కసారి కూడా తగలదు. ఇరవై ఏళ్లు వేసినా 12 మంది మిగిలిపోతారు. పక్కవాడు మొదటి ఏడే కొట్టేస్తాడు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, అదే జరుగుతుంది. అలాస్కాలో కోడియాక్ దీవి గోధుమరంగు ఎలుగుల డ్రా ఇలాగే పాయింట్లు లేకుండా నడుస్తుంది. అక్కడ పాతికేళ్లుగా వేస్తున్నవాళ్లకీ నిన్న మొదలుపెట్టినవాళ్లకీ ఒకే అవకాశం.

కానీ వరసకీ ఒక క్రూరత్వం ఉంది. అది ఊరు కదలనివాళ్లకి కలిసొస్తుంది, కదిలేవాళ్లకి కాదు. మూడేళ్ల వరసలో ఒక్కసారైనా అప్లై చేయకపోతే పాయింట్లు పోతాయి. నా స్నేహితుడొకడు వాళ్ల నాన్నగారి ఆరోగ్యం బాగోలేక హైదరాబాద్ వెళ్లి మూడేళ్లకు పైగా ఉండిపోయాడు. ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాడికి డిసెంబరు 10 ఎక్కడ గుర్తుంటుంది? ఆరు పాయింట్లు పోయాయి. తిరిగొచ్చాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఇంకొకరు మా వీధిలోని పెద్దాయన, డెబ్బై దాటాయి. ఆయన వంతు వచ్చేసరికి మోకాళ్లు మంచె ఎక్కనివ్వలేదు. ట్యాగ్‌ను పిల్లలకి బదలాయించే వీలుంది కాబట్టి పద్నాలుగేళ్ల మనవరాలికి రాసిచ్చి, తను కింద కారులో కూర్చున్నాడు. ఆయన సంతోషంగానే చేశాడు, నాకే మనసు చివుక్కుమంది. అంతకుమించి ఒక చిక్కుంది. వేటగాళ్లు పెరిగి ట్యాగ్‌లు పెరగకపోతే వరస పొడవవుతూనే ఉంటుంది. ఈ ఏడాది కొత్తగా చేరినవాడు ఎప్పటికి తేలతాడో చెప్పలేం. ఇండియాలో పుట్టి గ్రీన్ కార్డు వరసలో ఉన్న ఏ పిల్లవాణ్ణి అడిగినా ఈ మాట చెబుతాడు.

అందుకని నాకు రెండూ కలిపిన పద్ధతి కావాలి. దీన్ని నేను కొత్తగా కనిపెట్టలేదు. ఇదే విస్కాన్సిన్‌లో తోడేళ్ల పర్మిట్లలో సగం పాయింట్లను బట్టి, మిగతా సగం అందరిలోంచి చీటీ తీసి ఇచ్చారు. మెయిన్ అనే రాష్ట్రంలో మూస్ (జింక జాతిలో పెద్ద జంతువు) వేట లాటరీకి ఇంకో దారి ఉంది. పర్మిట్ రాని ప్రతి ఏడాదికీ అదనపు చీటీలు వస్తాయి, పాతబడినకొద్దీ ఆ చీటీలు వేగంగా పెరుగుతాయి. భరోసా ఉండదు, కానీ పాతవాడి మీద గౌరవం ఉంటుంది, కొత్తవాడికి తలుపు మూసుకోదు. ఎలుగు ట్యాగ్‌లకి సగం-సగం పెట్టమని నేను ఇక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు రాశాను. మళ్లీ రాస్తాను.

ఇంకొక్క మాట. పంపకం ఎంత న్యాయంగా జరిగినా జంతువుకి న్యాయం జరిగిందని కాదు. 2021 ఫిబ్రవరిలో ఆ తోడేళ్ల వేటనే చూడండి. రాష్ట్రం వాటా 119 తోడేళ్లు. ఒక్కో తోడేలుకి ఇరవై లెక్కన 2,380 పర్మిట్లు పెట్టారు. మూడు రోజులు తిరక్కుండానే 218 చచ్చాయి. తమ వాటా 81ని చంపకుండా కాపాడుకుందామనుకున్న ఒజిబ్వే అనే అక్కడి ఆదివాసీ తెగలవాళ్లకి అది ఎంత అన్యాయమో మాటల్లో చెప్పలేను. పర్మిట్ల సంఖ్య తప్పైతే డ్రా ఎంత చక్కగా తీసినా ఏం లాభం?

మీరు ఫ్లోరిడాలోనే ఉన్నారన్నారు కాబట్టి, అక్కడి వన్యప్రాణి కమిషన్ సమావేశాల్లో ఎవరైనా మాట్లాడొచ్చు. మీరు వేటకు అనుకూలమైనా వ్యతిరేకమైనా, మనిషికి ఒకే దరఖాస్తు అన్న ఒక్క మాట అడగండి. ఆ విషయంలో రెండు వర్గాలూ ఒకే బల్ల దగ్గర కూర్చోగలవు.

మా అమ్మాయికి పదమూడేళ్లు. పోయిన డిసెంబరులో తన పేరు మీద మొదటి 3 డాలర్లు కట్టాం. నేను ఆరో సాయంత్రం కథ ఎన్నిసార్లు చెప్పానో, ఆ జోన్‌నే ఎంచుకుంది. తనకి కాల్చాలని లేదు, మంచె మీద కూర్చుని ఆ పిల్లల్ని చూడాలని ఉందట. ఒక పాయింట్ వచ్చింది.