నీళ్లలో వాడే లైటులోకి నీళ్లు దిగితే వారంటీ వర్తించదా?

ప్రశ్న: సార్, మాది విశాఖపట్నం. ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల కింద డైవింగ్ పని చేస్తాను. ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న వలలు కోసి తీయడం, బోటు అడుగు వీడియో తీసి ఓనర్‌కి చూపించడం, తెగిపోయిన లంగరు వెతికి పెట్టడం, ఇదే నా బతుకుతెరువు. బావమరిది పైన తాడు పట్టుకుంటాడు. మార్చిలో ముంబై డీలర్ ఒకరి దగ్గర రెండు అండర్‌వాటర్ లైట్లు, ఒక కెమెరా, లిథియం బ్యాటరీ ప్యాక్ కలిపి 1,86,000 రూపాయలకు కొన్నాను. 60 మీటర్ల లోతు వరకు ఢోకా లేదని వాట్సాప్‌లో చెప్పారు. మూడో డైవ్‌లోనే 18 మీటర్ల దగ్గర ఒక లైటులోకి నీళ్లు దిగి ఆరిపోయింది, బ్యాటరీ ప్యాక్ కూడా తడిసింది. అడిగితే నీళ్ల వల్ల పాడైతే వారంటీ లేదు, పైగా మీరు కమర్షియల్‌గా వాడారు, బిల్లు మీ జీఎస్టీ నంబరు మీదే ఉంది, కావాలంటే ముంబైలో కేసు వేసుకోండి అంటున్నారు. నాకు వినియోగదారుల ఫోరంకి వెళ్లే హక్కు ఉందా? ఇంకొకటి, బాగున్న రెండో లైటుని రాత్రి వేటకి అద్దెకివ్వమని ఒక బోటు ఓనర్ అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

జవాబు: హక్కు ఉంది, కేసు విశాఖలోనే వేయొచ్చు. రెండో ప్రశ్నకి మాత్రం, వద్దు. ఎందుకో చివర చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ లైటు ఇంకా విప్పకపోతే ఇక విప్పకండి. అద్దం లోపల నీటి బొట్లు కనిపిస్తుంటాయి, అంచున తెల్లగా ఉప్పు కట్టి ఉంటుంది, విప్పి తుడిచి ఎండలో పెట్టాలని చెయ్యి లాగుతుంది. కానీ రేపు డీలర్ వేసే మొదటి వాదన ఓ-రింగ్ గురించే, అంటే మూత దగ్గర నీళ్లు దిగకుండా ఆపే రబ్బరు రింగు గురించే. మూత సరిగా బిగించలేదు, గ్రీజు రాయలేదు, రబ్బరు మీద ఇసుక రేణువు ఉంది, తప్పు మీదే అంటారు. ఆ రబ్బరు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో, అద్దం దగ్గర సన్నని చీలిక ఉందో లేదో తేల్చగలిగేది సీలు కదలని లైటు మాత్రమే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ ప్రకారం వినియోగదారుల కమిషన్ (మీరు ఫోరం అన్నది దీన్నే) వస్తువుని ల్యాబుకి పంపి పరీక్ష చేయించగలదు. ఖర్చు ముందు మిమ్మల్నే కట్టమంటారు, అయినా కట్టండి. కాబట్టి ఉన్నది ఉన్నట్టు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, సీరియల్ నంబరు కనపడేలా ఒక వీడియో తీసి, కవర్లో పెట్టి దాచండి. అట్టపెట్టె పారేయకండి, దిగుమతి సరుకైతే దాని మీద దిగుమతిదారు పేరు, చిరునామా ముద్రించి ఉండాలి, వాళ్లని కూడా కేసులో చేర్చాలి.

బ్యాటరీ సంగతి వేరు. ఉప్పునీరు తగిలిన లిథియం ప్యాక్ చూడ్డానికి మామూలుగానే ఉండి, రెండు మూడు రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. పనిచేస్తుందో లేదో చూద్దామని ఛార్జింగ్ పెట్టకండి, ఇంట్లో గాని బోటు క్యాబిన్‌లో గాని ఉంచకండి, డీజిల్ డబ్బాలకి దూరంగా ఆరుబయట పెట్టండి. డీలర్ తిరిగి పంపమంటే, తడిసిన లిథియం బ్యాటరీ అని కొరియర్ వాళ్లకి చెప్పకుండా మామూలు పార్సిల్‌లా పంపొద్దు. సాక్ష్యం పోతుందన్న భయం వద్దు, ఫొటోలున్నాయి కదా, ముందు మీరు క్షేమంగా ఉండాలి.

ఇక అసలు విషయం, 'కమర్షియల్'. చట్టంలో 2(7) సెక్షన్ వాణిజ్య అవసరానికి కొన్నవాళ్లని వినియోగదారుల్లోంచి తీసేస్తుంది, నిజమే. దాని కిందే వివరణ ఉంది: స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే కొని, తానే వాడుకునే వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదు. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఆటో ఉదాహరణ చెప్పింది. ఆటో కొని తానే నడుపుకునేవాడు వినియోగదారుడు, కొని పూర్తిగా ఇంకొకరి చేత నడిపించేవాడు కాడు. సాయానికి ఒకరిద్దరు ఉన్నంత మాత్రాన వినియోగదారుడు కాకుండా పోడని కూడా అందులోనే ఉంది. మీ బావమరిది తాడు పట్టుకోవడం సరిగ్గా ఆ కోవలోదే. 2018లో పారామౌంట్ డిజిటల్ కలర్ ల్యాబ్ కేసులో, ఉపాధి కోసం ఫొటో ప్రింటింగ్ మెషీన్ కొన్న ఇద్దరు భాగస్వాములని కూడా వినియోగదారులుగానే ఒప్పుకుంది. భాగస్వామ్య సంస్థకే ఆ హక్కు ఉన్నప్పుడు, బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందన్న ఒక్క కారణంతో మిమ్మల్ని బయటికి నెట్టలేరు. 2024లో శ్రీరామ్ చిట్స్ కేసులో ఇంకో మేలు జరిగింది, వాణిజ్య అవసరానికే కొన్నారని రుజువు చేయాల్సిన భారం అమ్మినవాళ్లదేనని తేల్చారు. అలాగని మీరు ఊరికే కూర్చోకూడదు. నేనే డైవ్ చేస్తాను, వేరే ఆదాయం లేదు, జీతానికి ఎవరినీ పెట్టుకోలేదు అని ఫిర్యాదులోనే స్పష్టంగా రాయాలి. ఈ కొనుగోలు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన ట్యాక్స్‌లోంచి తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే అదీ దాచకుండా చెప్పి, ఆ మేరకు ట్యాక్స్ మినహాయించి మిగతాదే అడగండి. అవతలి లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే పరువు పోతుంది.

వారంటీ కార్డు పట్టుకుని టెన్షన్ పడుతున్నారు గానీ, మీ కేసు నిలబడేది ఆ కార్డు మీద కాదు, మీ వాట్సాప్ మీద. వినియోగదారుల చట్టంలో సరుకు 'లోపం' అన్న మాటకి అర్థం చాలా విశాలంగా ఉంది, వ్యాపారి ఏ రూపంలో చెప్పుకున్న నాణ్యత అయినా సరుకులో లేకపోతే అది లోపమే. సరుకుల విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ కూడా, ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మేవాడి మాట నమ్మి కొంటే ఆ సరుకు ఆ పనికి పనికొచ్చేలా ఉండాలంటుంది. వారంటీలో ఐపీ68 (దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్) అని మాత్రమే రాసి ఉంటే డీలర్ దాని వెనక దాక్కోవచ్చు, ఎందుకంటే అందులో 8 అంటే మునిగినా తట్టుకుంటుందని మాత్రమే, ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారు విడిగా చెప్పాలి. నీళ్లలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణ పీడనం అదనంగా పెరుగుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. బకెట్లో ఆగిన సీలు 18 మీటర్ల దగ్గర ఆగాలని లేదు. అందుకే వాళ్లు వాట్సాప్‌లో రాసిన '60 మీటర్లు' మీకు బంగారం. ఆ చాట్ డిలీట్ కాకుండా చూసుకోండి, ఫోన్ మార్చకండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో (ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇవ్వాల్సిన ధ్రువపత్రం) స్క్రీన్‌షాట్లు దాఖలు చేయండి.

డైవ్ వీడియో కూడా పనికొస్తుంది. డైవ్ కంప్యూటర్‌లో లోతు నమోదై ఉంటే మరీ మంచిది. అయితే ఆ వీడియో ఎక్కడ తీసిందో ఒకసారి చూసుకోండి. విశాఖలో నేవల్ డాక్‌యార్డు పక్కనే మన పని, అధికార రహస్యాల చట్టం, 1923 కింద అలాంటివి నిషిద్ధ ప్రదేశాలు. అటువైపు నీళ్లలోది గాని, ఒడ్డు కనిపించేది గాని ఉంటే దాఖలు చేసే ముందు ఒక లాయర్‌కి చూపించండి. ఎవరికీ ఫార్వర్డ్ మాత్రం చేయకండి.

బిల్లు కింద 'ముంబై జ్యూరిస్‌డిక్షన్ మాత్రమే' అని ఎంత లావు అక్షరాలతో ఉన్నా, వినియోగదారుల రక్షణ చట్టంలోని 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివసించే చోట, పని చేసుకునే చోట కేసు వేసే హక్కు ఇచ్చింది. విశాఖ జిల్లా కమిషన్‌లో వేయండి. మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో వినియోగదారుల కేసుల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా కూడా వేయొచ్చు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు లోపం బయటపడిన రోజు నుంచి రెండేళ్లు. పరీక్ష అవసరమైన కేసు 5 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ, అంతకంటే ఎక్కువ పడుతుందనే లెక్క వేసుకోండి.

ఎంత అడగాలి? పాడైన లైటు, బ్యాటరీ ధర వడ్డీతో, లేదా కొత్తవి. కెమెరా, రెండో లైటు ఆ ప్యాక్ లేకుండా పనిచేయవు అనుకుంటే మొత్తం 1,86,000 అడగండి, పనిచేస్తే అడగొద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డున ఉండి రిపేర్లు చేయించుకునే ఆ 61 రోజులే మీకు సీజన్ అని నాకు తెలుసు, ఆ నష్టం మనసుని మండిస్తుంది. అయినా పోయిన పనులంటూ లక్షల లెక్క వేయకండి. పని రద్దు చేసిన ఓనర్ మెసేజ్ ఉన్నంత మేరకే అడగండి. ఆధారం లేని పెద్ద అంకె వేస్తే, ఇంత వ్యాపారం చేసేవాడికి స్వయం ఉపాధి ఏమిటని అవతలి లాయర్ మీ కాగితంతోనే మిమ్మల్ని కొడతాడు.

ఇక రాత్రి వేటకి లైటు అద్దె. ఎల్‌ఈడీ లైట్లతో చేపల్ని రప్పించి పట్టడాన్ని మన ప్రత్యేక ఆర్థిక మండలంలో (ఈఈజెడ్, చేపల మీద మన దేశానికి హక్కున్న సముద్ర ప్రాంతం) కేంద్రం 2017 నవంబరులోనే నిషేధించింది, 2025 నవంబరులో తెచ్చిన కొత్త నిబంధనల్లోనూ ఆ నిషేధం ఉంది. బోటు పట్టుబడితే లైటు ఎవరిదన్న ప్రశ్న మీ గుమ్మం దాకా వస్తుంది. పైగా అద్దెకిచ్చిన రోజున 'నేనే వాడుకుంటాను' అన్న మీ వాదన పోతుంది, డీలర్‌కి కావాల్సింది అదే. ఆ ఓనర్‌కి కుదరదని చెప్పేసి, ఈ వారంలోనే డీలర్‌కి 15 రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి, కాపీ అదే వాట్సాప్ నంబరుకి పెట్టండి. నోటీసు తప్పనిసరి ఏమీ కాదు, కానీ దానికి వాళ్లిచ్చే జవాబులోనే లైటు ఎందుకు పాడైందని వాళ్లు అంటున్నారో రాతపూర్వకంగా దొరుకుతుంది, తర్వాత మాట మార్చడానికి ఉండదు.