ఎవరూ వేయని జిలేబీ చేపలు (తిలాపియా) చెరువు నిండా ఎట్లా అయినయి, తగ్గేదెట్లా?

అన్నా, మీ సంఘం రవ్వ, బొచ్చె పిల్లలు పోస్తే ఎండాకాలం వలలో సగం అరచేయి కూడా లేని జిలేబీలే పడుతున్నాయని అడిగారు. గుడ్ల లెక్క చూస్తే నమ్మబుద్ధి కాదు. కిలో రవ్వ కడుపులో రెండు లక్షలకు తక్కువ కాకుండా గుడ్లుంటాయి, జిలేబీ విడతకు కొన్ని వందలే పెడుతుంది. కానీ రవ్వకు వానకాలం పారే నీళ్లు కావాలి, నిలవ చెరువులో గుడ్లు పెట్టదు. జిలేబీకి అదేం అక్కర్లేదు. మగది ఒడ్డు పక్క తక్కువ నీళ్లలో పళ్లెం లాంటి గొయ్యి తోడుతుంది. ఆడది అందులో గుడ్లు పెట్టి వెంటనే నోట్లోకి తీసుకుంటుంది, పిల్లలు సొంతంగా ఈదేదాకా రెండు వారాల పైన అట్లనే మోస్తుంది. అందుకే చాలా పిల్లలు బతుకుతాయి. నెలా నెలన్నరకు మళ్లీ విడత. నీళ్లు 20 డిగ్రీల కిందికి పోతేనే ఆగుతుంది, మన దగ్గర ఆ చలి ఎన్నాళ్లుంటుంది? చెరువు ఇరుకైతే రెండు మూడు నెలలకే, వేలెడంత ఉండగానే గుడ్లకొస్తుంది. మీ వలలో పడ్డవాటిలో చాలావరకు పిల్లలు కావు, ఎదుగుదల ఆగిన పెద్దవే.

ఈ మొజాంబిక్ జిలేబీని మన దేశానికి 1952లో తెచ్చారు. మన కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో మత్తడి (అలుగు) దుంకితే పై చెరువుది కిందికొస్తుంది, కిందది ఎదురెక్కుతుంది. నోట్లో పిల్లలున్న ఒక్క తల్లి వస్తే చాలు. పిల్లల సంచుల్లో కలిసీ, తడి వలలకు అంటుకొనీ కూడా వస్తాయి. వల ఎండబెట్టకుండా ఇంకో చెరువుల వేయొద్దు.

పట్టాల్సింది మే నెలలో, నీళ్లు మడుగులకు దిగినప్పుడు. సన్న కన్ను వలతో చిన్నవాటినీ వదలకుండా లాగండి. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు: బెదిరిన తల్లి నోట్లోని పిల్లలను ఉమ్మేస్తుంది, వలను నీళ్ల మీదే దులిపితే అవన్నీ చెరువులోకే పోతాయి. వల ఒడ్డుకు పూర్తిగా లాగి, చేపలను నేరుగా గంపలో వేయాలి.

మిగిలిన మడుగుకు ఇప్పపిండి (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే చెక్క, చేపలను చంపుతుంది) వాడొచ్చు. హెక్టారుకు మీటరు లోతుంటే 2,500 కిలోలు, పది గుంటలకు అర మీటరుంటే దాదాపు 125 కిలోలు. రాత్రి నానబెట్టి పొద్దున అంతటా చల్లండి. అయితే పరిగెలు, జెల్లలు కూడా చస్తాయి. పశువులు తాగే మడుగుల, తూము కింద నీళ్లు పారేటప్పుడు వద్దు. మూడు వారాలు ఆగి, కొన్ని పిల్లలను హాపాలో (నీళ్లలో కట్టే వల సంచి) ఉంచి అవి బతికాకే విత్తనం పోయండి. మత్స్యశాఖవాళ్లను ముందే అడగడం మంచిది.

తూముకు, కాలువకు జాలి కట్టండి. మత్తడికి మాత్రం సన్న జాలి కట్టొద్దు, చెత్త అడ్డుపడి నీళ్లు ఎగదన్నితే కట్టకే ప్రమాదం. అందుకే గొలుసుకట్టులో జిలేబీ పూర్తిగా పోదు, ఏటా తగ్గిస్తూ పోవాలె.

విత్తనం 80 నుంచి 100 మిల్లీమీటర్లది పోస్తే తిండి పోటీకి నిలబడుతుంది, 35 మిల్లీమీటర్లది చాలా నష్టపోతుంది. రవ్వ, బొచ్చె అరచేయి దాటాక కొర్రమట్ట పిల్లలను వేయండి. అవి అప్పటికే కొర్రమట్ట నోటికి పట్టవు, జిలేబీ పిల్లలు పడతాయి.