కోళ్ళకు నట్టల మందు పట్టే ముందు అవి ఏ నట్టలో చూసుకోండి

మీ ప్రశ్న ఇదీ: కోళ్ళు బాగానే తింటున్నా చిక్కిపోతున్నాయి, ఒక పెట్ట రెట్టలో తెల్లటి పొడవాటి పురుగు కనిపించింది, నెల వయసు పిల్లలకు రెట్టలో రక్తం పడుతోంది, అదే దొడ్లో పావురాలు, ఒక టర్కీ జత కూడా ఉన్నాయి, అన్నిటికీ ఒకే నట్టల (పేగు పురుగుల) మందు నీళ్ళలో కలిపి పెట్టేస్తే సరిపోతుందా అని. సరిపోదండి. మీరు చెప్పిన లక్షణాల్లో కనీసం రెండు వేర్వేరు రోగాలు ఉన్నాయి, ఒకదానికి పనిచేసే మందు రెండోదాన్ని తాకను కూడా తాకదు. చాలా ఏళ్ళుగా బయట తిరిగే కోళ్ళు, పావురాలు పెంచుతున్నాను కాబట్టి నేను చూసింది, పశువుల డాక్టర్ దగ్గర నేర్చుకుంది కలిపి రాస్తున్నాను.

ముందు పిల్లల సంగతి, అది రేపటిదాకా ఆగే పని కాదు. మూడు నుంచి ఆరు వారాల వయసులో రెట్టలో రక్తం, రెక్కలు వేలాడేసుకుని మూల ముడుచుకుని నిలబడటం కనిపిస్తే మొదట అనుమానించాల్సింది రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్. ఇది నట్టల వల్ల వచ్చేది కాదు. ఐమీరియా అనే కంటికి కనిపించని ఏకకణ జీవి పేగు గోడలోకి దూరి, అక్కడే పెరిగి, కణాల్ని చీల్చుకుని బయటికొస్తుంది, రక్తం పడేది అందుకే. నట్టల మందులైన పైపెరజిన్ పోసినా, ఆల్బెండజోల్ పోసినా దీనికి ఏమీ కాదు. సాధారణంగా వాడేది ఆంప్రోలియం, తాగే నీళ్ళలో, డాక్టర్ చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులూ. ఈ మందు బి1 విటమిన్‌ను పోలి ఉండి ఆ జీవికి బి1 అందకుండా చేస్తుంది, అందుకని ఆ రోజుల్లో బి1 ఉన్న టానిక్ పెట్టకండి. పిల్లలు నీరసంగా ఉన్నాయని చాలామంది సరిగ్గా అదే పెడతారు, మందు బలం తగ్గిపోతుంది. ఇంకోటి, రక్తం పడిన మొదటి ఒకటి రెండు రోజుల్లో రెట్ట పరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు, ఎందుకంటే ఈ జీవి గుడ్లలాంటి రూపాలు బయటికి రావడం రక్తం తర్వాతే మొదలవుతుంది. రిపోర్టులో ఏమీ లేదన్నంత మాత్రాన పిల్లలు కళ్ళముందు వాలిపోతుంటే ఊరుకోవద్దు.

టెన్షన్ పడే ముందు ఒకటి గమనించండి, రెట్టలో కనిపించే ప్రతి ఎరుపూ రక్తం కాదు. అప్పుడప్పుడూ పేగు లోపలి పొర చిన్న పేలికలుగా ఊడి గులాబీ రంగులో పడుతుంది. రోజులో కొన్నిసార్లు జిగటగా, ముదురు గోధుమ రంగులో, ముక్కు మూసుకునేంత కంపుతో వేసే రెట్ట కూడా మామూలే, అది గుడ్డిపేగుల (చిన్నపేగు చివర సంచుల్లా ఉండే రెండు పేగుల) నుంచి వచ్చేది. కోడి చురుగ్గా తింటూ తిరుగుతుంటే ఇవి పట్టించుకోనక్కర్లేదు.

ఇక ఆ తెల్లటి పురుగు. మీరు చెప్పిన పొడవును బట్టి అది అస్కారిడియా గల్లి, మనం ఏలికపాము అనేదే అయ్యుండాలి. చచ్చిపోయిన ఒక పెట్టను డాక్టర్ కోసి చూపించినప్పుడు పక్కనే ఉన్నాను. బోర ఎముక అప్పటికే మొనదేలి చేతికి గుచ్చుకుంటోంది, తల మీది జుట్టు పాలిపోయింది. చిన్నపేగును నిలువునా చీల్చగానే లేత పసుపు తెలుపులో, వేలెడు పొడవున్నవి ఒకదాని మీద ఒకటి మెలిపడి, ఒకచోట మేత దిగడానికి దారే లేకుండా పేగునంతా నింపేసి ఉన్నాయి. కోడి తింటున్నా చిక్కడం అంటే ఏంటో అప్పుడు కళ్ళారా అర్థమైంది. కాకపోతే పెద్ద పురుగుల కంటే వాటి పిల్లలే ఎక్కువ హాని చేస్తాయి, అవి కొన్నాళ్ళు పేగు గోడలో తల దూర్చి బతుకుతాయి, మూడు నెలల లోపు కోళ్ళు దెబ్బతినేది ఎక్కువగా అప్పుడే. పైపెరజిన్ ఎదిగిన ఏలికపాములనే పడగొడుతుంది, వాటి పిల్లలు మిగిలిపోతాయి, అందుకే రెండు మూడు వారాలకు మళ్ళీ ఇవ్వమంటారు. లెవామిసోల్, ఫెన్‌బెండజోల్ ఇంకా ఎక్కువ రకాల గుండ్రటి పురుగుల మీద పనిచేస్తాయి, వెంట్రుకంత సన్నగా ఉండే కాపిల్లేరియాతో సహా. ఈ కాపిల్లేరియాను చిన్న చూపు చూడకండి, పేగు కోసినా కంటికి ఆనదు గానీ ఏలికపాము కంటే త్వరగా కోడిని పీల్చేస్తుంది.

రెట్ట మీద బియ్యపు గింజల్లా తెల్లటి చిన్న ముక్కలు కనిపిస్తే, అందులో కొన్ని కదులుతుంటే, అది బద్దెపురుగు. దానికి పైపెరజిన్ అస్సలు పనిచేయదు, ప్రాజిక్వాంటెల్ లాంటివి కావాలి. బద్దెపురుగు ఒక కోడి నుంచి ఇంకో కోడికి నేరుగా రాదు, మధ్యలో చీమో, పేడపురుగో, ఈగో, నత్తో ఉండాలి, వాటిని తిన్న కోడికే వస్తుంది. మందు పట్టించి, పక్కనే ఎరువు కుప్పను అలాగే ఉంచితే కోళ్ళు మళ్ళీ అక్కడే పురుగులు ఏరుకు తింటాయి, మళ్ళీ మొదటికొస్తారు.

మీ టర్కీల గురించి మాత్రం గట్టిగానే చెబుతున్నాను, వాటిని కోళ్ళ నుంచి ఈరోజే వేరు చేయండి. కోళ్ళ గుడ్డిపేగుల్లో హెటెరాకిస్ అనే సెంటీమీటరు పొడవు పురుగు ఉంటుంది, కోడికి దానివల్ల పెద్దగా ఏమీ కాదు, కానీ దాని గుడ్డులో హిస్టోమోనాస్ అనే ఇంకో జీవి దాక్కుని ఉంటుంది, అది టర్కీ కాలేయాన్ని తినేస్తుంది. బ్లాక్‌హెడ్ అనేది ఈ రోగాన్నే. టర్కీ గంధకం రంగులో పచ్చటి రెట్ట వేస్తుంటే చాలామటుకు ఆలస్యమైపోయినట్టే, పైగా దీనికి పనిచేసే మందుల్ని ఆహారంగా వాడే పక్షులకు ఇవ్వకూడదని చాలా దేశాలు నిషేధించాయి. కోళ్ళు తిరిగిన నేల మీద కూడా టర్కీలను వదలకండి.

పావురాలకు వాటి సొంత ఏలికపాము ఉంది, అస్కారిడియా కొలంబే, కాపిల్లేరియా కూడా వస్తుంది. కానీ కోళ్ళకు తెచ్చిన ఫెన్‌బెండజోల్‌నో ఆల్బెండజోల్‌నో వాటికి పోయకండి. ఈ రెండూ పావురాల ఎముక మజ్జను దెబ్బతీస్తాయి, ఈకలు మారే కాలంలో ఇస్తే కొత్త ఈకలు వంకరపోతాయి. నాకు తెలిసినాయన దగ్గర బాగా ఎగిరే పావురాలు ఇలాగే పోయాయి, రోగం వల్ల కాదు, మందు వల్ల. వాటికి ఏది ఎంత ఇవ్వాలో పక్షుల్ని చూసే డాక్టర్ చెప్పాలి, బరువు తూచి.

అసలు మీరు చేయాల్సిన మొదటి పని రెట్ట పరీక్ష. పొద్దున్నే నాలుగైదు చోట్ల నుంచి తాజా రెట్ట కొంచెం కొంచెం తీసి కలపండి, ఎందుకంటే పురుగుల గుడ్లు అన్ని రెట్టల్లో సమానంగా పడవు. పెట్టలది, పిల్లలది, పావురాలది వేర్వేరు డబ్బాల్లో, పైన పేరు రాసి ఇవ్వండి. వెంటనే ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, గడ్డ కట్టించొద్దు. చిక్కటి ఉప్పునీళ్ళలో కలిపితే పురుగు గుడ్లు పైకి తేలతాయి, మైక్రోస్కోపులో చూసి రకం చెప్పేస్తారు. బద్దెపురుగు ముక్కలు మాత్రం ఇందులో తప్పిపోతుంటాయి, కంటికి కనిపిస్తే ఒకటి నీళ్ళలో వేసి తీసుకెళ్ళండి.

ఇంక నేల. నా అనుభవంలో మందు కంటే దీని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఏలికపాము గుడ్డు రెట్టలో పడగానే రోగం తేదు, వెచ్చటి తడి నేలలో దానికి రెండు వారాల దాకా పడుతుంది, కాబట్టి గూట్లో రెట్ట రోజూ ఎత్తేస్తే దాన్ని మొదట్లోనే తుంచినట్టు. రక్తపారుడు అంత సమయం ఇవ్వదు, తడి దొరికితే ఒకటి రెండు రోజుల్లో సిద్ధం. అందుకే పిల్లల గూట్లో నీళ్ళ గిన్నె చుట్టూ తడిసిన పొట్టును వెంటనే మార్చండి, పిల్లల్ని పెద్ద కోళ్ళతో కలపకండి, మేత నేల మీద చల్లకండి. నీడలో తడిగా ఉన్న మట్టిలో ఏలికపాము గుడ్లు నెలల తరబడి బతుకుతాయి, ఎండకు, పొడికి చస్తాయి. మామూలు ఫినాయిల్ చల్లి శుభ్రమైందని అనుకోవద్దు, ఈ గుడ్లు దానికి లొంగవు. వీలుంటే కోళ్ళు తిరిగే చోటును రెండుగా చేసి మార్చి మార్చి వదలండి, గడ్డి కురచగా ఉంచి ఎండ తగలనివ్వండి.

వెల్లుల్లి, గుమ్మడి గింజలు పెడితే చాలని చెప్పేవాళ్ళు ఉంటారు. పెట్టండి, తప్పు లేదు, కానీ చిక్కిపోయిన కోడికి అదే వైద్యం అనుకుని వారాలు పోనివ్వకండి.

మందు వాడినన్ని రోజులూ, ఆపాక లేబుల్ మీద రాసినన్ని రోజులూ ఆ కోళ్ళ గుడ్లు, మాంసం తినకండి, అమ్మకండి. పూర్తయ్యాక పది నుంచి పద్నాలుగు రోజులకు ఇంకోసారి రెట్ట పరీక్ష చేయించండి, రెట్టలో పురుగుల గుడ్ల సంఖ్య సరిగా తగ్గకపోతే అదే మందు ఇంకాస్త ఎక్కువ పోయకుండా రిపోర్టు పట్టుకుని డాక్టర్‌ను వేరే మందు అడగండి.