గాజుకొక మ్యూజియం: ఒక రోజంతా చూడదగినదేనా?

ప్రశ్న: న్యూయార్క్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, ఈ వేసవిలో మమ్మల్ని కార్నింగ్ అనే ఊళ్లోని గాజు మ్యూజియానికి తీసుకువెళతానంటున్నాడు. గాజు వస్తువుల కోసం ఒక రోజంతా కేటాయించవచ్చునా? అక్కడ ముఖ్యంగా ఏమి చూడాలి? మన తెలుగు నేల మీద గాజు పనికి చరిత్ర ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: తప్పక వెళ్లండి. 1851లో మొదలైన గాజు కంపెనీ తన నూరేళ్ల సందర్భంగా 1951లో నెలకొల్పిన ఆ మ్యూజియంలో, 3,500 సంవత్సరాల గాజు చరిత్రకు సంబంధించిన దాదాపు 50,000 వస్తువులున్నాయి. అన్నింటినీ చూడాలని పరుగెత్తితే ఏదీ మనసులో నిలవదు.

ముందుగా గాజు ఊదే ప్రదర్శన దగ్గర కూర్చోండి. వెయ్యి డిగ్రీలకు పైబడిన కొలిమిలోంచి గొట్టం చివరకు తీసిన గాజు ముద్ద జారిపోకుండా పనివారు దానిని ఒక్క క్షణమైనా ఆపకుండా తిప్పుతూ, ఊదుతూ, చల్లబడినప్పుడల్లా మళ్లీ వేడి చేస్తూ ఆకారం తెస్తారు. ఆ తరువాత దానిని మెల్లగా చల్లార్చకపోతే లోపలి ఒత్తిడికి పగిలిపోతుంది. ఇది కళ్లారా చూశాక ప్రాచీన వస్తువుల దగ్గరకు వెళితే వాటి విలువ తెలుస్తుంది. ఊదే విద్య లేని కాలంలో కడ్డీ చివర మట్టిముద్ద పెట్టి, దాని చుట్టూ కరిగిన గాజును చుట్టి, చల్లారాక లోపలి మట్టిని తవ్వి తీసి చిన్న సీసాలు చేసేవారు. ఈజిప్టు రాజు రెండవ అమెన్‌హోటెప్‌దిగా భావించే గాజు శిరస్సు సుమారు 4 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే. దాని ముందు తొందరపడకుండా నిలబడండి. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో సిరియా, పాలస్తీనా ప్రాంతంలో గాజు ఊదడం కనిపెట్టిన తరువాతే, అంతవరకు ధనవంతులకు పరిమితమైన గాజు పాత్రలు రోమన్ సామ్రాజ్యంలో సామాన్యుల ఇళ్లకు చేరాయి.

నా దృష్టిలో అక్కడ అన్నింటికన్నా గొప్ప వస్తువు, 200 అంగుళాల వ్యాసం గల ఒక విఫలమైన గాజు పలక. పెద్ద దూరదర్శినికి అద్దం కావాలంటే, వేడికీ చలికీ అతి తక్కువగా వ్యాకోచించే గాజు ఉండాలి. లేకుంటే నక్షత్రం ప్రతిబింబం చెదిరిపోతుంది. అందుకని బోరోసిలికేట్ గాజును ఎంచుకుని, బరువు తగ్గించడానికి వెనుకవైపు గళ్లు ఏర్పడేలా అచ్చు అడుగున దిమ్మలు బిగించారు. 1934 మార్చిలో గాజు పోస్తున్నప్పుడు ఆ వేడికి బిగింపులు కరిగి కొన్ని దిమ్మలు పైకి తేలాయి. అదే ఏడాది డిసెంబరులో మళ్లీ పోసి, నెలల తరబడి చల్లార్చిన రెండవ పలకే కాలిఫోర్నియాలోని పాలొమార్ కొండ మీద హేల్ దూరదర్శినికి అద్దమయింది. చెడిపోయిన పలకను దాచిపెట్టకుండా అందరికీ చూపించడం నాకెంతో గౌరవం కలిగించే విషయం.

1972లో ఆగ్నెస్ తుపాను వరద మ్యూజియాన్ని ముంచెత్తగా, తడిసిన పుస్తకాలకు బూజు పట్టకుండా వాటిని గడ్డకట్టించి కాపాడారు. హుద్‌హుద్‌ను చూసిన విశాఖవాసులకు ఆ శ్రమ ఎంతటిదో చెప్పనక్కరలేదు.

ఇక మన నేల సంగతి. రేణిగుంట ప్రాంతంలోని పాపానాయుడుపేట చేతివృత్తులవారు కరిగిన గాజును బోలు గొట్టంగా సాగదీసి, ముక్కలు నరికి, మళ్లీ వేడిచేసి అంచులు నున్నన చేసి పూసలు తయారుచేసేవారు. సుమారు రెండు వేల ఏళ్ల కిందట పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో పూసలు చేసిన పద్ధతీ ఇదే. ఇండో-పసిఫిక్ పూసలుగా పేరుపడిన అలాంటివి ఆగ్నేయాసియా అంతటా దొరికాయి. ఇంత పాత విద్యను నిలుపుకున్న ఊరికి మన రాష్ట్రంలో తగిన గుర్తింపు రాకపోవడం బాధాకరం.

ప్రయాణానికి ముందు హైదరాబాదు వెళ్లే పని ఉంటే, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా గాజు వస్తువులున్న గది చూడండి. అది కూడా 1951లోనే మొదలైంది. పని చివర పాత్రను పట్టుకున్న కడ్డీని విరిచి తీసిన గరుకు మచ్చ అడుగున కనిపిస్తే అది చేతితో ఊది చేసినదని, పక్కల నిలువు గీత ఉంటే అచ్చులో చేసినదని సాధారణంగా పోల్చుకోవచ్చు. అయితే మచ్చను సాన పట్టి చెరిపేసినవి కూడా చాలా ఉంటాయి.