తెరచాప పడవలో భార్యాభర్తల విహారం, పడవలోనే మన వంట: మా అనుభవం

హైదరాబాదులో ఉంటున్న, యాభై దాటిన భార్యాభర్తలు తెరచాప పడవను అద్దెకు తీసుకొని ఒక వారం తీరికగా తిరిగి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఆ వారమంతా బయటి తిండి మీద ఆధారపడకుండా పడవలోనే మన వంట చేసుకోవడం సాధ్యమేనా అని మీరు అడిగారు. సాధ్యమేనని నేను నిస్సంకోచంగా చెప్పగలను. మేము మారేడుపల్లిలో ఉంటాము. మా వారూ నేనూ 2016 నుంచి, కరోనా అడ్డుపడిన రెండేళ్ళు మినహా, ఏటా శీతాకాలంలో ఇలా వెళ్ళి వస్తున్నాము. పడవలో చుక్కాని నాది, పొయ్యి ఆయనది. వంటలో ఆయన చెయ్యి నాకంటే మంచిది, గాలిని కనిపెట్టి ఉండే ఓపిక నాకు ఎక్కువ, అందువల్ల ఈ పంపకం మొదటి ప్రయాణంలోనే కుదిరిపోయింది.

మొదలుపెట్టవలసిన చోటు మన హుస్సేన్ సాగరే. జూన్ నుంచి ఆగస్టు వరకు నగరం మీద పడమటి గాలి నిలకడగా వీస్తుంది, అందుకే ఇక్కడి తెరచాప పోటీలు కూడా వానాకాలంలోనే జరుగుతాయి. ఆ గాలి పడవను ట్యాంక్‌బండ్ వైపు నెడుతూ ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారు తెలియకుండానే కట్ట దగ్గరికి కొట్టుకుపోయి, తిరిగి ఎదురుగాలిలో అటొక మలుపు, ఇటొక మలుపు తిప్పుకుంటూ రావడమెలాగో నేర్చుకుంటారు. చుట్టూ ఉన్న ఎత్తయిన కట్టడాల వల్ల గాలి ఒక్కసారి ఆగి, మరుక్షణం మరో వైపు నుంచి తాకుతుంది. ఇది విసుగు పుట్టించే మాట నిజమే, కానీ ఈ చెరువులో రెండు వానాకాలాలు గడిపినవారికి సముద్రపు గాలి చాలా మర్యాదస్తురాలిగా అనిపిస్తుంది. ఇక్కడ నడిపే లేజర్ అనే రకపు చిన్న తెరచాప పడవ పొడవు నాలుగు మీటర్లకు కొంచెం ఎక్కువ, అందులో కూర్చోవడానికే చోటు చాలదు కనుక వంట మాట రాదు. నేర్చుకోవలసింది గాలిని, తాళ్ళను, బోల్తా పడ్డ పడవను తిరిగి నిలబెట్టుకోవడాన్ని.

రాత్రి బస చేసి వంట చేసుకునే విహారానికి మన దగ్గర అవకాశాలు తక్కువ. గోవాలో, ముంబయిలో దొరికేవి ఎక్కువగా కొన్ని గంటల షికార్లు. కేరళలో అలప్పుళ దగ్గరి కెట్టువళ్ళాలు అనే ఇంటిపడవలు ఇంజనుతో నడుస్తాయి, వాటిలో వంటమనిషి కూడా ఉంటాడు. మేము థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌కు తూర్పున ఉన్న ఫాంగ్ ఙా అఖాతానికి వెళ్తాము. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ ఈశాన్యపు గాలి వీస్తుంది, అది నేల మీదుగా వస్తుంది కనుక అఖాతంలో పెద్ద అలలు లేవవు. నీటిలోంచి నిట్టనిలువుగా లేచిన సున్నపురాతి దీవులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, కాబట్టి రోజుకొక దీవి చాటున లంగరు వేసుకోవచ్చు. క్రొయేషియా వంటి చోట్ల నడిపేవారికి లైసెన్సు, రేడియో వాడకపు సర్టిఫికెట్ తప్పనిసరి. ఎక్కడికి వెళ్ళినా మొదటిసారి రెండు మూడు రోజులకైనా ఒక సరంగును వెంట తీసుకోండి. ఆ ఖర్చుకు వెనుకాడవద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. రోజుకు ఎంత దూరం పోవాలన్నది పటం చూసి కాక, వంట వేళను చూసి నిర్ణయించుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. మేము రోజుకు పది నాటికల్ మైళ్ళకు మించి పోము. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, గాలి అనుకూలిస్తే మా పడవ గంటకు అటువంటివి నాలుగైదు నడుస్తుంది. ఉదయం ఉప్మాయో అటుకులో తిని, లంగరు ఎత్తకముందే మధ్యాహ్నపు తిండి సిద్ధం చేసి డబ్బాలో పెట్టి, తొమ్మిదిన్నరకు బయలుదేరితే మధ్యాహ్నం రెండింటికల్లా కొత్త చోట నిలబడతాము. మధ్యాహ్నం మూడు దాటాక వేడివేడిగా, తీరికగా వండుకునే పూట అదొక్కటే. పడవ నడుస్తుండగా వండాలని మేము ప్రయత్నించి మానుకున్నాము, ఎందుకంటే కిందికి దిగి ముక్కలు తరుగుతూ తల వంచుకుంటే పావుగంటలో కడుపులో తిప్పడం మొదలవుతుంది.

లంగరు సరిగ్గా పట్టకపోతే వంట ప్రశాంతంగా సాగదు, కనుక ఆ లెక్క ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఆగినచోట లోతు 6 మీటర్లు ఉందనుకోండి. పోటు వచ్చేసరికి మరో 2.5 మీటర్లు పెరుగుతుంది. నీటి మట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు 1.5 మీటర్లు, మొత్తం 10 మీటర్లు, దానికి ఐదింతలు, అంటే 50 మీటర్ల గొలుసు వదలాలి. ఆ తరువాత ఇంజనును వెనక్కి నడిపి గొలుసు బిగుసుకున్నదీ లేనిదీ చూసుకొని, ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకొని, అవి కదలడం లేదని తేలాకే మా వారు పొయ్యి వెలిగిస్తారు. లంగరు మీద ఉన్న పడవ తనంతట తానే ముక్కును గాలికి ఎదురుగా తిప్పుకుంటుంది. అప్పుడు ముందువైపు పైకప్పు కిటికీని తెరిచి ఉంచితే గాలి లోపలికి దూరి, పోపు ఘాటునంతా వెనుక మెట్ల దారిన బయటికి తీసుకుపోతుంది. ఎండుమిర్చి పోపు వేసేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

పడవలోని పొయ్యి రెండు పక్కల ఇరుసుల మీద ఊయలలా వేలాడుతూ, పడవ ఒరిగినా తాను సమతలంగా నిలుస్తుంది. గిన్నెలు జారకుండా చుట్టూ పట్టీలు ఉంటాయి. గ్యాసు విషయంలో మాత్రం ఇంటి అలవాటు పనికిరాదు. వంటగ్యాసు గాలికంటే బరువైనది. ఇంట్లో కిటికీ తలుపులు తెరిస్తే బయటికి పోతుంది, పడవలో అయితే అడుగు భాగానికి దిగి అక్కడే పేరుకుంటుంది, ఇంజను స్టార్టు చేసినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు, అది అంటుకోవడానికి. అందుకే సిలిండరును వేరే అరలో, కారిన గ్యాసు నేరుగా బయటికి పోయేలా పెడతారు. వంట అయ్యాక మేము ముందు సిలిండరు దగ్గర కట్టేసి, గొట్టంలో మిగిలినది మండి ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు పొయ్యి మీట తిప్పుతాము.

మూడో ఏడాది మాకు ఒక ప్రమాదం జరిగింది. లంగరు మీద ఉన్నామన్న ధీమాతో మూత లేని వెడల్పు గిన్నెలో చారు మరగబెడుతుండగా, దూరంగా వెళ్ళిన పెద్ద పడవ లేపిన అల రెండు నిమిషాల తరువాత వచ్చి మమ్మల్ని పక్కకు ఊపింది. మరుగుతున్న చారు మా వారి పాదం మీద పడి బొబ్బలెక్కింది, మిగిలిన నాలుగు రోజులూ ఆయన చెప్పు వేసుకోలేకపోయారు. అప్పటినుంచి పొయ్యి దగ్గర నిలబడేవారు నిండు ప్యాంటు, మూసి ఉన్న బూట్లు వేసుకోవాలనీ, గిన్నె సగానికి మించి నింపకూడదనీ, నూనెలో వేయించే పిండివంటల జోలికి పోకూడదనీ నియమం పెట్టుకున్నాము. గారెల మీద ఎంత మమకారమున్నా, మారేడుపల్లికి వచ్చాకే.

వెంట తీసుకువెళ్ళవలసిన పాత్ర ఒక్కటే అయితే అది మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్. మూత బిగించి ఉంటుంది కాబట్టి ఒలికే భయం తక్కువ. గ్యాసు, నీళ్ళు రెండూ కలిసివస్తాయి. కందిపప్పును గంటసేపు నానబెట్టి, రెండు కూతలు రాగానే దించి, మందపాటి తువ్వాలు చుట్టి పక్కన పెడితే లోపలి వేడికే పూర్తిగా ఉడుకుతుంది. నీటిని లెక్కగా వాడుకోవాలి. గిన్నెలను ముందు సముద్రపు నీటితో తోమి, ఆఖరున ఒక్క చెంబు మంచినీటితో కడుగుతాము. ఉప్పు ఆదా అవుతుందని సముద్రపు నీటితోనే అన్నం వండవద్దు. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది, ఆ మెతుకు నోట పెట్టలేము. ఒడ్డుకు దూరంగా, నీరు శుభ్రంగా ఉన్నచోట గుడ్లు ఉడకబెట్టడానికి మాత్రం అది బాగా పనికివస్తుంది.

నడిపే వేళ తినడానికి పులిహోరను మించినది మాకు ఇంతవరకు దొరకలేదు. ఉత్త అన్నం ఆ వేడిలో త్వరగా పాడవుతుంది, చింతపండు పులుపు దాన్ని సాయంత్రం దాకా కాపాడుతుంది, లోతైన గిన్నెలో వేసుకుంటే ఒక చేత్తో చుక్కాని పట్టుకొనే తినవచ్చు. పులిహోర పులుసును ఇంట్లోనే చిక్కగా ఉడికించి సీసాలో తీసుకువెళ్తాము. కడుపు ఖాళీగా ఉంటే వికారం పెరుగుతుంది కనుక నేను గంటకోసారి వేయించిన అటుకులో అల్లం మురబ్బాయో నోట్లో వేసుకుంటూ ఉంటాను.

సాయంత్రపు వంట మాకు ఆ ప్రయాణంలో అన్నిటికంటే ప్రియమైనది. అక్కడి జాలరులు వెనుక తోకలా పొడవాటి కడ్డీ ఉండే మోటారు పడవల్లో వెళ్తూ కనిపిస్తారు, చెయ్యి ఊపితే కొందరు ఆగి చేపలు అమ్ముతారు. వారు ప్లా కపోంగ్ అని పిలిచేది మన పండుగప్పేనని తెలిసిన రోజున మా వారి సంతోషం చెప్పలేను. ఆయన పుట్టింది కాకినాడ దగ్గర, ఆయనకు ఆ చేప చిన్ననాటి మాట. చింతపండు, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉల్లిపాయలు అక్కడి సంతల్లో పుష్కలంగా దొరుకుతాయి. మెంతులు, ఆవాలు, ధనియాల పొడి, ఎండు కరివేపాకు మనం తీసుకువెళ్ళాలి. వెడల్పు గిన్నె ప్రమాదమని తెలిసింది కాబట్టి పులుసును కూడా కుక్కర్ గిన్నెలోనే, వెయిట్ పెట్టకుండా, మూత ఓరగా వేసి సన్నని మంట మీద మరగనిస్తారు. గరిటె పెట్టరు, ముక్క చెదరకుండా గిన్నెనే అటూ ఇటూ తిప్పుతారు. ఒక్కొక్కసారి పడవే ఆ పని చేసిపెడుతుంది. సున్నపురాయి కొండల నీడ నీటి మీదికి సాగుతుండగా పైన కూర్చొని ఆ పులుసు అన్నం తింటాము. పులుపు వల్ల మిగిలినది రాత్రికి నిలుస్తుంది. ఉదయం ఒకసారి మరిగిస్తే రుచి ఇంకా పెరిగి ఉంటుంది.

ఆవకాయ, గోంగూర, కందిపొడి చాలినన్ని తీసుకువెళ్ళండి, కానీ గాజు సీసాల్లో వద్దు. వెళ్ళే దేశం ఏ ఆహార పదార్థాలను అనుమతిస్తుందో ముందే చూసుకోండి. పడవలోని ఫ్రిజ్ బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి రోజుకు రెండు మూడు సార్లకు మించి తెరవవద్దు. పెరుగు మీద పూర్తిగా ఆధారపడకండి. ఒకసారి మా ఫ్రిజ్ రెండో రోజే ఆగిపోయి, మిగతా వారమంతా మంచుగడ్డల పెట్టెతో సరిపెట్టుకున్నాము.

చెత్త సంగతి చాలామంది అడగరు, నాకు మాత్రం అది ముఖ్యం. తొక్కలూ ముళ్ళూ మట్టిలో కలిసేవే కదా అని నీటిలో వేయకూడదు. రుబ్బని ఆహార వ్యర్థాలను నేలకు 12 నాటికల్ మైళ్ళ లోపల సముద్రంలో పడవేయరాదని అంతర్జాతీయ నియమం ఉంది, ఫాంగ్ ఙాలో చాలా భాగం 1981 నుంచి జాతీయ ఉద్యానవనం కూడా. మేము మూత గట్టిగా పట్టే డబ్బాలో అన్నీ దాచి ఒడ్డుకు తెస్తాము.

మీరు వచ్చే జూన్‌లో హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకోవడానికి చేరితే, ఒక్క వానాకాలంతోనే ఆ చలికాలానికి సరంగు తోడుతో వెళ్ళేంత అలవాటు వస్తుంది. ఇద్దరే వెళ్ళడానికి మరో ఏడాది ఆగండి. ఇద్దరూ నేర్చుకోండి, ఒకరు నడిపి ఒకరు కూర్చోవడం వద్దు, పొయ్యి దగ్గర ఉన్నవారికి ఏదైనా అయితే రెండోవారే పడవను ఒడ్డుకు చేర్చాలి. ఈలోగా ఇంట్లో ఒక ఆదివారం ఒకే పొయ్యి, ఒకే కుక్కర్, పది లీటర్ల నీళ్ళతో మూడు పూటలా వండి, తిని, గిన్నెలు కడిగి చూడండి. ఏ వంట మీతో పడవ ఎక్కాలో ఆ రోజు సాయంత్రానికి తేలిపోతుంది.