శ్రీలంక 2022 సంక్షోభంలో పని ఉన్నవాళ్ళు కూడా పేదలెలా అయ్యారు?

"శ్రీలంకలో నిరుద్యోగం 5 శాతం కూడా లేదు కదా, మరి 2022లో అంతమంది పేదరికంలోకి ఎలా జారారు?" అని అడిగారు. ఆ ఏడాదంతా నేను కొలంబో దగ్గరి నెగొంబో ఊళ్ళోనే ఉన్నాను. పక్కనే కటునాయకె ఎగుమతుల జోన్‌లో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ నా పని. చూసింది చెబుతాను.

మా ఇంటి ఓనరమ్మని అక్కా అని పిలిచేవాణ్ణి. సింహళంలో కూడా అక్కని అక్కే అంటారు. తమ్ముడు మాత్రం 'మల్లి'. అలా ఆవిడకి నేను మల్లినయ్యాను (ఈ సంగతి చెబితే మా అమ్మ చాలాసేపు నవ్వింది). అక్కది ఇంకో ఫ్యాక్టరీలో కుట్టుపని, బావగారికి సొంత ఆటో. లెక్క ప్రకారం ఇద్దరూ పనిలో ఉన్నట్టే. సర్వే జరిగే వారంలో ఒక్క గంట పనిచేసినా నిరుద్యోగి కింద రాయరు మరి.

బావగారి పని ఎలా సాగిందంటే, జూన్‌లో రెండు రాత్రులు బంకు దగ్గర లైన్లో ఆటోలోనే పడుకున్నారు. అన్నం పొట్లం నేనే పట్టుకెళ్ళా. తర్వాత కోడ్ చూపిస్తే బండికి వారానికి ఇంత అని పెట్రోలు పోసే క్యూఆర్ కోడ్ పద్ధతి వచ్చి లైన్లు తగ్గాయి కానీ, మొదట్లో ఆటోకి ఇచ్చింది వారానికి 5 లీటర్లు. దాంతో ఎన్ని బేరాలు తోలగలరు? పైగా 2021 డిసెంబరులో 177 రూపాయలున్న లీటరు పెట్రోలు (అక్కడి రూపాయలే) 2022 జూన్ చివరికి 470 అయింది. అక్క జీతం పోలేదు, ఓటీ (అదనపు గంటల పనికి వచ్చే డబ్బు) పోయింది. కుట్టుపని వాళ్ళకి ఇల్లు గడిచేది ఓటీ మీదే.

గ్యాస్ కోసం జనం ఖాళీ సిలిండర్లని గొలుసులతో కట్టి రోడ్డు పక్కన వరసలో పెట్టి వెళ్ళేవారు. అక్క విసిగిపోయి పెరట్లో మూడు ఇటుకలు పెట్టి కట్టెల పొయ్యి రాజేసింది. మొదటి రోజు పొగకి ఆవిడా నేనూ కళ్ళు తుడుచుకుంటూ అన్నం వార్చాం. పాలపొడి దొరక్క నల్ల టీ తాగేవాళ్ళం, బెల్లం ముక్క కొరుక్కుంటూ. చేపలు వారానికోసారికి వచ్చాయి. మిగతా రోజులు అన్నం, పొల్ సంబోల, అంటే ఎండుమిర్చితో దంచిన కొబ్బరి.

కారణాలు మీకు తెలిసే ఉంటాయి: 2019 చివర్లో పన్నుల కోత, అదే ఏడాది ఈస్టర్ రోజు జరిగిన బాంబు పేలుళ్ళు, కోవిడ్‌తో టూరిజం ఆగిపోవడం, 2021లో రసాయన ఎరువుల దిగుమతి నిషేధంతో పంట దెబ్బతినడం. పెట్రోలు, గ్యాస్, మందులు అన్నీ డాలర్లిచ్చి కొనాల్సిన దీవి అది. ఆ డాలర్లే అయిపోయాయి. 200 దగ్గరున్న డాలరు 360కి వెళ్ళింది. సెప్టెంబరుకి కొలంబోలో ద్రవ్యోల్బణం దాదాపు 70 శాతం, తిండి సరుకులకైతే 95 దగ్గర. జీతం అంకె మారకుండానే అందులో సగం తిండి మాయమైంది. ప్రపంచ బ్యాంకు అంచనాలో పేదరికం ఏడాదిలో 13 శాతం నుంచి 25కి చేరింది. నిరుద్యోగం అంకె చూస్తే ఇదేదీ కనబడదు.

అక్క రెండు గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టింది. 2023లో ద్రవ్యోల్బణం బాగా తగ్గిందని టీవీలో చెప్పిన రోజు, "అయితే బియ్యం ధర పాత రేటుకి వచ్చిందా మల్లి?" అని అడిగింది. రాలేదు. ధరలు పెరిగే వేగం తగ్గింది, అంతే.

మొన్న ఫోన్ చేశాను. ఒక గాజు విడిపించారట. రెండోది ఇంకా బ్యాంకులోనే ఉంది.