స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది... మా బాబు నిజంగా అంత లావా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉంటాం. బాబుకు 10 ఏళ్ల 8 నెలలు, ఇయర్ 6 చదువుతున్నాడు. ఎత్తు 142 సెంటీమీటర్లు, బరువు 48 కిలోలు. స్కూల్లో కొలతలు తీసుకున్నాక 'వెరీ ఓవర్‌వెయిట్' అని ఉత్తరం వచ్చింది. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు 'ఎదిగే పిల్లాడు, బొద్దుగా ఉంటే తప్పేంటి' అంటున్నారు. తెల్లవాళ్ల కొలతలు మనకు సరిపోవని మావారి వాదన. థైరాయిడ్ పరీక్ష చేయించాలా? బరువు తగ్గే ఇంజెక్షన్లు పిల్లలకు ఇస్తారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీవారి మాటతోనే మొదలుపెడతానమ్మా. ఆయన అన్నదాంట్లో సగం నిజం. ఆ ఉత్తరానికి ఆధారమైన చార్టు 1990 నాటి బ్రిటన్ తెల్లజాతి పిల్లల కొలతలతో తయారైంది. కానీ తేడా ఆయన అనుకుంటున్న వైపు లేదు. ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న తెల్లపిల్లాడినీ మన పిల్లాడినీ పోల్చితే, సాధారణంగా మనవాడి ఒంట్లోనే కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఇది పుట్టుకతోనే మొదలవుతుంది. పుణె డాక్టర్ యాజ్ఞిక్ బృందం అక్కడి పసికందులను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పసికందులతో పోల్చి 2003లో ఫలితాలు ప్రచురించింది. పుణె పిల్లలు సగటున 2.7 కిలోలే, సౌతాంప్టన్‌వాళ్లు 3.5 కిలోలు. ఒళ్లంతా చిన్నదే అయినా, చర్మం కింది కొవ్వు మాత్రం మనవాళ్లలో అంతగా తగ్గలేదు. కాబట్టి ఆ చార్టు మన పిల్లల విషయంలో కాస్త మెతకగానే ఉందనుకోవాలి.

పెద్దవాళ్లకైతే అక్కడి మార్గదర్శకాల్లోనే ఈ తేడా ఉంది. మిగతావాళ్లకు బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. దక్షిణాసియా మూలాలున్నవారికి 23, 27.5. మీవారు తన లెక్క కూడా ఓసారి చూసుకుంటే మంచిది!

ఉత్తరం మీ పెంపకం మీద తీర్పు కాదు. ఇంగ్లండ్ ప్రభుత్వ స్కూళ్లలో రిసెప్షన్‌లో, అంటే నాలుగైదేళ్ల పిల్లల తరగతిలో ఒకసారి, ఇయర్ 6లో ఒకసారి ఈ కొలతలు తీస్తారు. 2023-24 లెక్కల ప్రకారం రిసెప్షన్‌లో నూటికి 9.6 మందికి ఊబకాయం ఉంటే, ఇయర్ 6 పిల్లల్లో 22.1 మందికి ఉంది. అంటే 30 మంది క్లాసులో ఆరేడుగురు. పేద ప్రాంతాల పిల్లల్లో ఇది సంపన్న ప్రాంతాల కంటే రెట్టింపు పైమాటే. ఇన్ని వేల ఇళ్లలో తల్లులందరూ ఒక్కసారిగా బద్ధకస్తులైపోయారా? చౌకగా, చేతికందేలా ఏది దొరికితే పిల్లలు అదే తింటారు. అందుకే 2018 ఏప్రిల్ నుంచి అక్కడ తీపి కూల్ డ్రింకుల మీద పన్ను వేశారు. పన్ను కట్టే బదులు చాలా కంపెనీలు చక్కెరే తగ్గించుకున్నాయి.

ఆ పన్ను అచ్చమైన పండ్లరసానికి లేదు. మీ ఫ్రిజ్‌లో ఆరెంజ్ జ్యూస్ డబ్బా ఉందా? 7-10 ఏళ్ల పిల్లలకు ఇలాంటి చక్కెర రోజుకు 24 గ్రాములు మించకూడదని అక్కడి సలహా. పెద్ద గ్లాసు, అంటే 300 మిల్లీలీటర్ల జ్యూస్‌తోనే అది నిండిపోతుంది. రోజుకు 150 మిల్లీలీటర్లు చాలు. అసలు పండే ఇస్తే ఇంకా మేలు.

ఇప్పుడు మీ బాబు లెక్క. బీఎంఐ 23.8 దాకా వస్తోంది. ఈ వయసుకు ఎక్కువే, ఉత్తరం తప్పు కాదు. అయితే బరువు తగ్గించాలని కడుపు మాడ్చకండి. వాడు 150 సెంటీమీటర్లకు ఎదిగేదాకా ఇదే 48 కిలోల దగ్గర నిలబెడితే చాలు, బీఎంఐ 21 చిల్లరకు దిగుతుంది. పెద్దవాళ్లకు లేని సదుపాయం ఇది. ఒక టేపు తీసుకుని నడుము కూడా కొలవండి. ఎత్తులో సగం, అంటే 71 సెంటీమీటర్ల లోపు ఉండాలి.

అన్నం మానిపించొద్దు. ముందు కూర, పప్పు వడ్డించి ఆ తర్వాత అన్నం పెట్టండి. టీవీ ముందు మామ్మ కలిపి పెట్టే 'ఇంకొక్క ముద్ద' మాత్రం ఆపాలి. వాడి చేత్తో వాడే తినాలి. అత్తగారికి కష్టంగా ఉంటుంది, కొడుకు చేతే చెప్పించండి. ఇంట్లో ఎవరూ 'బొండాం' అని పిలవకండి, ఆ ఉత్తరం వాడి ముందు చదవకండి.

థైరాయిడ్ లోపమైతే పిల్లలు సాధారణంగా ఎత్తు పెరగరు. మీవాడు వయసుకు తగ్గ ఎత్తున్నాడు, ఆ అనుమానం తక్కువ. ఇంజెక్షన్ల మాట ఈ వయసులో ఎత్తొద్దు. ఆన్‌లైన్‌లో అసలే కొనొద్దు.

ఒక్క పని ఇవాళే చేయండి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా మారిందేమో చూడండి. మన ఇళ్లలో అది మురికనుకుని సున్నిపిండితో తోమేస్తారు. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయట్లేదనడానికి గుర్తు కావచ్చు. అది కనిపించినా, నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగినట్టు అనిపించినా, ఉత్తరం పట్టుకుని జీపీ (మీ ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి వెళ్లండి. షుగర్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు అవసరమో కాదో వాళ్లు చూస్తారు.